ఇంటి అక్వేరియంలో సముద్ర గుర్రాలను పెంచడం ఎలా

సముద్ర గుర్రానికి (సీహార్స్‌కు) జీర్ణాశయం లేదు, పళ్లూ లేవు. గొట్టంలాంటి మూతితో రొయ్యపిల్లను లోపలికి పీల్చుకుంటుంది. అది నేరుగా పేగులోకి వెళ్లి, సగం అరిగీ అరక్కుండానే బయటికి వచ్చేస్తుంది. అందుకే దానికి ఎప్పుడూ ఆకలే. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ ఎందుకలా చేయాలో వాటంతటవే అర్థమవుతాయి. రోజుకు రెండు మూడు సార్లు మేత ఎందుకు వేయాలో, నీళ్లు అంత తొందరగా ఎందుకు పాడవుతాయో, చురుకైన చేపలతో కలిపి ఎందుకు ఉంచకూడదో, నీటిని కాస్త చల్లగా ఎందుకు ఉంచాలో, అన్నీ ఇక్కడి నుంచే వస్తాయి.

కాబట్టి ముందే సూటిగా చెబుతున్నాను. ప్రతిరోజూ కనీసం రెండు పూటలా, పూటకు అరగంట చొప్పున ట్యాంకు ముందు ఉండగలిగితేనే దీనికి దిగండి. తరచూ ఊళ్లు తిరిగే పని ఉన్నవాళ్లు వేరే చేపలను చూసుకోవడం మంచిది. ఉప్పునీటి అక్వేరియం ఎప్పుడూ నడపని వాళ్లయితే ముందు ఒక ఏడాది పాటు గట్టి ప్రాణమున్న చేపలతో చెయ్యి తిరగనివ్వండి. నీటి పరీక్షలు, ఉప్పు కలపడం, నీళ్లు మార్చడం ఆలోచించకుండా చేయగలిగే స్థితికి వచ్చాక సీహార్స్ జోలికి రండి.

1. ముందు చట్టం చూసుకోండి

అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో సీహార్స్ జాతులన్నీ ఉన్నాయి. 2002లో నిర్ణయం జరిగితే 2004 మే నెలలో అమల్లోకి వచ్చింది. దేశాల మధ్య వీటి కొనుగోలు, అమ్మకాలకు పర్మిట్ తప్పనిసరి. కొన్ని దేశాల సొంత చట్టాలు ఇంకా కఠినంగా ఉంటాయి. భారతదేశంలో 2001లో వీటిని వన్యప్రాణి సంరక్షణ చట్టం షెడ్యూల్ 1లో చేర్చారు, అంటే పట్టుకోవడం, అమ్మడం, కొనడం నేరం. మీరున్న చోట అనుమతి ఉందని తేలాకే మిగతా పనులు మొదలుపెట్టండి. అనుమతి ఉన్న చోట కూడా ఫారంలో పుట్టి పెరిగినదేనని రాసిచ్చే వాళ్ల దగ్గరే తీసుకోండి.

ఫారంలో పుట్టినదే కావాలని పట్టుబట్టడానికి చట్టం ఒక్కటే కారణం కాదు. సముద్రంలో పట్టిన సీహార్స్ సాధారణంగా కదలని ఆహారాన్ని ఆహారంగా గుర్తించదు. ఎదురుగా ఎంత మేత పడి ఉన్నా చూస్తూ చూస్తూనే చిక్కిపోతుంది. పైగా పురుగులు, పరాన్నజీవులు వెంట తెస్తుంది. ఫారంలో పుట్టిన పిల్లకు చిన్నప్పుడే ఫ్రోజెన్ మైసిస్ (గడ్డకట్టించిన చిన్న రొయ్యల్లాంటివి) తినడం అలవాటు చేసి ఉంటారు. ఇంట్లో పెంచేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

2. జాతిని ఎంచుకోండి

హిప్పోకాంపస్ ప్రజాతిలో నలభైకి పైగా జాతులున్నాయి కానీ ఇంటి ట్యాంకుకు పనికొచ్చేవి కొన్నే. మొదటిసారి పెంచేవాళ్లకు నేను చెప్పే పేరు ఎరెక్టస్. లైన్డ్ సీహార్స్ అని కూడా అంటారు. 15 సెంటీమీటర్లు దాటి పెరుగుతుంది, తిండికి పేచీ పెట్టదు, చిన్న చిన్న పొరపాట్లను తట్టుకుంటుంది. ‘కూడా’ (kuda) అనే జాతి సైతం ఫర్వాలేదు. రీడి అనే జాతి చాలా అందంగా, పసుపు నారింజ రంగుల్లో ఉంటుంది కానీ కాస్త సున్నితం, దాని పిల్లలను బతికించడం ఇంకా కష్టం.

రెండు జాతుల విషయంలో మాత్రం జాగ్రత్త. రెండున్నర సెంటీమీటర్లకు మించని మరుగుజ్జు సీహార్స్ జోస్టరేను చూసి చిన్న ట్యాంకు చాలు కదా, సులువు కదా అనుకుంటారు. దానికి రోజూ అప్పుడే పొదిగిన ఆర్టీమియా (ఉప్పునీటిలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలను బతికున్నవాటినే పెట్టాలి, ఆయుష్షు చూస్తే ఏడాది చుట్టుపక్కలే. ఇక ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ తీరాల అబ్డామినాలిస్ 35 సెంటీమీటర్ల దాకా పెరిగే చల్లనీటి ప్రాణి. నీటిని చల్లబరిచే యంత్రం, అంటే చిల్లర్, లేకుండా దాన్ని ఉంచలేరు.

ఏ జాతి తీసుకున్నా ఒక్కదాన్నే కాకుండా జతగా ఉంచండి. రెండు జాతులను మాత్రం కలపకండి. ఒకదానికి అలవాటైన సూక్ష్మజీవులు ఇంకోదానికి ప్రాణాంతకం కావచ్చు.

3. ఎత్తైన ట్యాంకు పెట్టండి

మామూలు చేపలకు ట్యాంకు పొడవు చూస్తాం, వీటికి ఎత్తు చూడాలి. తోక చాచి తల దాకా కొలిస్తే వచ్చే పొడవుకు కనీసం మూడింతలు ఎత్తు ఉండాలి. ఎరెక్టస్‌కైతే 50 సెంటీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. జత కట్టేటప్పుడు ఆడ, మగ రెండూ ఎదురెదురుగా నిలువునా పైకి లేస్తాయి. అప్పుడే ఆడది తన గుడ్లను మగదాని సంచిలో పెడుతుంది. ఎత్తు చాలకపోతే గుడ్లు జారి కింద పడతాయి. తక్కువ లోతులో ఉంచిన సీహార్స్‌లకు గాలి బుడగల జబ్బు ఎక్కువగా రావడం పెంపకందారులకు అనుభవమే.

ఒక జతకు 110 నుంచి 120 లీటర్లు పెట్టుకోండి. ఇంకో జత చేర్చాలంటే మరో 50 లీటర్లు ఉండాలి. నీళ్లు ఎంత ఎక్కువుంటే మేత వల్ల వచ్చే మురికి అంత పలచబడుతుంది కాబట్టి, స్థలం ఉంటే దీనికంటే పెద్దదే తీసుకోండి.

4. ఫిల్టర్, నీటి కదలిక

సీహార్స్ సరిగా ఈదలేదు కాబట్టి నీళ్లు కదలకుండా ఉంచాలన్న మాట చాలాచోట్ల వినిపిస్తుంది. అది సరికాదు. వీపు మీది చిన్న రెక్క సెకనుకు దాదాపు 35 సార్లు కొట్టుకుంటుంది. మరీ విసురుగా ఉండనంత వరకు, ప్రవాహానికి ఎదురీదడం దానికి మంచి కసరత్తే. నీళ్లు నిలిచిపోతే తినని మేత, మలం మూలల్లో పేరుకుని కుళ్లుతాయి, అసలు ప్రమాదం అక్కడుంది. ట్యాంకంతా మెల్లగా తిరిగే ప్రవాహం పెట్టి, ఒకటి రెండు చోట్ల మాత్రం నెమ్మదైన మూలలు వదలండి. ఎక్కడ ఉండాలో అదే ఎంచుకుంటుంది.

ప్రొటీన్ స్కిమ్మర్ (నురుగుతో నీటిలోని మురికిని లాగే పరికరం) తప్పకుండా పెట్టండి, ట్యాంకు సైజుకు చెప్పినదానికంటే ఒక మెట్టు పెద్దది. స్కిమ్మర్ నుంచి సన్న బుడగలు ట్యాంకులోకి రాకుండా చూడండి.

పంపు నీటిని లాగే చోట స్పాంజి గానీ జాలీ గానీ బిగించండి. సీహార్స్ తోకకు ఏది దొరికితే దాన్ని చుట్టేస్తుంది, పంపు నోట్లోకి తోక పోతే నుజ్జవుతుంది. హీటర్ పెట్టినట్టయితే దానికి ప్లాస్టిక్ గార్డు తొడగాలి, లేదా సంప్‌లో (ట్యాంకుకు కలిపి ఉండే వేరే తొట్టిలో) పెట్టాలి. వెచ్చని హీటర్‌కు తోక చుట్టుకుని కాలిపోయిన సీహార్స్‌ను ఒక్కసారి చూస్తే ఈ గార్డు సంగతి ఎవరూ మర్చిపోరు. చర్మం తెల్లగా ఊడి, ఆ పుండు మీద బ్యాక్టీరియా చేరి, తోక చివరి నుంచి కుళ్లుకుంటూ పైకి వస్తుంది.

5. నీటిని చల్లగా ఉంచండి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. ఉష్ణమండల జాతి కదా అని 26, 27 డిగ్రీల్లో ఉంచుతారు. సముద్రంలో ఆ వేడిని తట్టుకుంటుంది, నిజమే. కానీ సముద్రంలో నీళ్లకు అంతు లేదు. మీ ట్యాంకులో రోజుకు మూడు పూటల మేత పడుతుంది, అది కుళ్లే కొద్దీ విబ్రియో లాంటి బ్యాక్టీరియా పెరుగుతుంది. వేడి పెరిగితే ఆ పెరుగుదల ఇంకా జోరందుకుంటుంది. అందుకని ఎరెక్టస్, ‘కూడా’, రీడి లాంటివాటికి 22 నుంచి 23 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంచండి. 24 దాటకుండా చూసుకోగలిగితే సగం జబ్బులు మీ గడప తొక్కవు.

గది వేడిగా ఉండే చోట నీటి మీదుగా గాలి తోలే చిన్న ఫ్యాన్ రెండు మూడు డిగ్రీలు తగ్గిస్తుంది. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు మాత్రం ట్యాంకులోనే మిగిలిపోతుంది. కాబట్టి రోజూ ఉప్పు లేని ఆర్‌ఓ నీళ్లతో మట్టం నింపాలి. ఫ్యాన్‌తో పని జరగకపోతే చిల్లర్ కొనాల్సిందే. ఏడాదిలో అన్నిటికంటే వేడిగా ఉండే రోజుల్లో ట్యాంకులో చేపలు లేకుండానే థర్మామీటర్ పెట్టి చూడండి. చిల్లర్ కావాలో వద్దో అదే చెబుతుంది.

మిగతా లెక్కలు ఇవి. నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే సాంద్రత 1.022 నుంచి 1.025, పీహెచ్ 8.1 నుంచి 8.4, అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా, నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల్లో 20 భాగాలు) లోపు. ఉప్పు కొలవడానికి తేలే ప్లాస్టిక్ ముల్లు కంటే రిఫ్రాక్టోమీటర్ (కాంతి వంగే తీరును బట్టి కొలిచే పరికరం) నమ్మదగింది.

6. ట్యాంకును సైకిల్ చేయండి

కొత్త ట్యాంకులో అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఉండదు. దాన్ని పెంచడమే సైకిల్ చేయడం. అది పెరిగి నిలబడటానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. చేపను పెట్టి సైకిల్ చేయకండి. సువాసనలు, సబ్బు కలపని అమ్మోనియా ద్రావణాన్ని 2 పీపీఎం వచ్చేలా వేసి, రెండు మూడు రోజులకోసారి పరీక్షిస్తూ ఉండండి. అంత అమ్మోనియా వేసినా 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే సైకిల్ పూర్తయినట్టు. అప్పుడు ఎక్కువ నీళ్లు మార్చి నైట్రేట్ దింపేయండి. ఆ తర్వాత కూడా ఒకటి రెండు నెలలు నత్తలతో ట్యాంకును నడిపితే ఇంకా మంచిది. కుదురుకున్న ట్యాంకుకూ, నిన్న సైకిల్ పూర్తయిన ట్యాంకుకూ తేడా సీహార్స్‌కు బాగా తెలుస్తుంది.

7. పట్టుకోవడానికి కొమ్మలు, దాక్కున్న శత్రువులు

సీహార్స్ రోజులో ఎక్కువసేపు ఏదో ఒకదానికి తోక చుట్టుకుని నిలబడే ఉంటుంది. తోక చుట్టడానికి వేరే ఏమీ లేకపోతే ఒకదాని మెడ ఒకటి పట్టుకుంటాయి. అందుకని ఒక్కో ప్రాణికి మూడు నాలుగు ఆధారాలైనా వచ్చేలా అమర్చండి. ప్లాస్టిక్ మొక్కలు, ప్లాస్టిక్ పగడాలు చాలు. బతికున్నవి కావాలంటే గ్రాసిలేరియా, కీటోమార్ఫా లాంటి సముద్రపు నాచు పెట్టండి. అవి నైట్రేట్‌ను కూడా పీల్చుకుంటాయి. కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా, రకరకాల ఎత్తుల్లో ఉండాలి. ఎరుపు, పసుపు కొమ్మలు పెడితే సీహార్స్ రంగు మారుతుందా అని చాలామంది అడుగుతారు. ఒక్కోసారి మారుతుంది, కానీ మనం అనుకున్న రంగులోకి మారుతుందని హామీ లేదు.

రాళ్ల విషయంలో ఎండు రాయినే వాడండి. సముద్రం నుంచి తెచ్చిన, జీవులు అంటుకుని ఉన్న రాయి, అంటే లైవ్ రాక్, అందంగా ఉంటుంది, దాని సందుల్లో ఏం దాక్కుని ఉందో మాత్రం చెప్పలేం. మాంటిస్ రొయ్య, పీతలు, ముళ్ల పురుగులు, పువ్వులా కనిపిస్తూ కుట్టే ఐప్టేసియా అనే జీవి, అన్నీ దాంతో పాటే వస్తాయి. వీటిలో కంటికి సరిగా కనిపించని హైడ్రాయిడ్లు మరీ చెడ్డవి. గాజు మీద సన్నని తెల్లటి నూగులా పాకుతాయి, సీహార్స్ చర్మాన్ని కుట్టి పుండ్లు చేస్తాయి, పిల్లలనైతే చంపేస్తాయి. లైవ్ రాక్ ఇప్పటికే ఉంటే ఫెన్‌బెండజోల్ మందుతో హైడ్రాయిడ్లను, ముళ్ల పురుగులను పోగొట్టవచ్చు. కానీ ఆ మందు రాయిలో ఇంకిపోయి చాలా కాలం ఉంటుంది, తర్వాత పెట్టే కొన్ని రకాల నత్తలు బతకవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు ఎండు రాయితో ఈ గొడవంతా తప్పుతుంది.

8. తినడం చూశాకే తీసుకోండి

అమ్మేవాళ్లను అడిగి, మీ ఎదురుగానే ఫ్రోజెన్ మైసిస్ వేయించండి. ఆరోగ్యంగా ఉన్న సీహార్స్ రెండు కళ్లనూ వేర్వేరుగా తిప్పుతూ మేతను వెతుకుతుంది. కనబడగానే మెడ వంచి, మూతిని దాని మీదికి తెచ్చి, ఒక్క క్షణం ఆగుతుంది. తర్వాత టిక్ అని చిన్న చప్పుడుతో రొయ్య మాయం. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఆ చప్పుడు గాజు అవతలి నుంచి కూడా వినిపిస్తుంది. గురి పెట్టి కూడా పీల్చలేకపోతున్నా, పీల్చిన వెంటనే ఉమ్మేస్తున్నా మూతిలో ఏదో జబ్బు ఉన్నట్టే. తీసుకోకండి.

తర్వాత ఎదురుగా నుంచి పొట్ట చూడండి. పొట్ట నిండుగా, కనీసం చదునుగా ఉండాలి. రెండు పక్కల ఎముక పలకలు బయటికి పొడుచుకొచ్చి మధ్యలో పొట్ట లోపలికి నొక్కుకుపోయి ఉంటే అది చాలా రోజులుగా పస్తున్నట్టు. తోక చివర తెల్లబడిందా, మూతి వాచిందా, కళ్లు ఉబ్బాయా, ఊపిరి గబగబా తీస్తోందా, ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

9. ఇంటికి తెచ్చాక

లైట్లు తగ్గించండి. మూసి ఉన్న సంచిని, ముందుగా ఉంచబోయే క్వారంటైన్ ట్యాంకు (దాని గురించి కింద చెప్పాను) నీటిలో పదిహేను ఇరవై నిమిషాలు తేల్చి ఉష్ణోగ్రత కలవనివ్వండి. తర్వాత సంచి విప్పి, కొద్దికొద్దిగా ట్యాంకు నీళ్లు కలపండి. అరగంటకు మించి సాగదీయొద్దు. చాలా దూరం ప్రయాణించి వచ్చిన సంచిలో అమ్మోనియా పేరుకుని ఉంటుంది. మూత తీయగానే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది, దాంతో ఆ అమ్మోనియా ఇంకా విషమవుతుంది. సంచి నీళ్లను ట్యాంకులో పోయకండి.

వల వాడొద్దు. చేతులు సబ్బు లేకుండా శుభ్రంగా కడుక్కుని, దోసిలి నీళ్లలో ముంచి కిందినుంచి తీయండి. చంటిపిల్ల వేలు పట్టుకున్నట్టు తోక మీ వేలికి చుట్టేస్తుంది. ఆ తోకను లాగకూడదు. ట్యాంకులో కొమ్మ పక్కన చెయ్యి పెట్టి ఊరుకుంటే, దానికి ధైర్యం వచ్చినప్పుడు వేలు వదిలి కొమ్మను పట్టుకుంటుంది. తొందరపడి లాగితే తోక చర్మం చిరుగుతుంది, చిరిగిన చోట జబ్బు పుడుతుంది.

మొదటి మజిలీ అసలు ట్యాంకు కాదు, క్వారంటైన్ ట్యాంకు. అడుగున ఇసుక లేకుండా, సైకిల్ అయిన స్పాంజి ఫిల్టర్‌తో, పట్టుకోవడానికి రెండు ప్లాస్టిక్ మొక్కలతో ఉంటే చాలు. ఆరు వారాలు అక్కడే ఉంచండి. ఏం తింటోంది, మలం ఎలా ఉంది, చర్మం మీద ఏమైనా మార్పు వచ్చిందా అన్నవి ఖాళీ ట్యాంకులో ఇట్టే కనబడతాయి.

10. మేత, అసలు పనంతా ఇక్కడే

రోజుకు కనీసం రెండుసార్లు, కుదిరితే మూడుసార్లు పెట్టండి. ప్రధాన ఆహారం ఫ్రోజెన్ మైసిస్. గడ్డ నుంచి కావలసినంత విరిచి, చిన్న జల్లెడలో వేసి, చల్లని ఆర్‌ఓ నీళ్ల కింద కరగనివ్వండి. కరిగిన రసాన్ని ట్యాంకులో పోయకూడదు, అందులో ఫాస్ఫేట్, కుళ్లే పదార్థాలు తప్ప పనికొచ్చేదేమీ ఉండదు. ముక్కలైన రొయ్యలను, విడిపోయిన తలలను ఏరి పారేయండి. సీహార్స్ నిండు రొయ్యనే ఇష్టపడుతుంది, కళ్లు ఊడిన మైసిస్‌ను చూసి మొహం తిప్పుకునేవి చాలా ఉన్నాయి. చివరగా విటమిన్లు, ఒమేగా 3 కొవ్వులున్న ఎన్‌రిచ్‌మెంట్ పొడిని చిటికెడు చల్లి పది నిమిషాలు నాననివ్వండి.

పెద్ద ఆర్టీమియా సులువుగా దొరుకుతుంది కదా అని దాన్నే రోజూ పెట్టేవాళ్లుంటారు. సీహార్స్ ఎగబడి తింటుంది కూడా. కానీ అందులో పోషకాలు బాగా తక్కువ, పొట్ట నిండినట్టే కనిపిస్తూ లోపల నీరసించిపోతుంది. తిండి మానేసిన ప్రాణికి ఆకలి పుట్టించడానికి దాన్ని వాడండి, అది కూడా ముందు దానికి మంచి మేత పెట్టి బలపరిచాకే.

మేతను ట్యాంకంతా చల్లకండి. అడుగున ఒక గాజు గిన్నెనో పెద్ద గవ్వనో ప్రవాహం తక్కువున్న చోట పెట్టి, పొడవైన పిప్పెట్‌తో (పీల్చి వదిలే సన్న గొట్టంతో) అందులోకే మైసిస్ వదలండి. ఆ సమయానికి పంపు ఆపండి. మొదటి రెండు మూడు రోజులు పిప్పెట్ కొనతో రొయ్యలను కొంచెం కదిలిస్తే చాలు, వారం తిరక్కుండానే మీరు ట్యాంకు దగ్గరికి రాగానే అవి గిన్నె దగ్గరికి చేరతాయి. సీహార్స్‌లు మనిషిని గుర్తుపడతాయని పెంచినవాళ్లంతా చెప్పేది ఇందుకే.

అరగంట తర్వాత గిన్నెలో మిగిలినదాన్ని అదే పిప్పెట్‌తో లాగేయండి. మిగిలిందెంతో చూసి మర్నాడు అంత తగ్గించండి. ఒక్కొక్కటి ఎంత తిన్నదో విడివిడిగా చూడండి. రెంటిలో ఒకటి చురుకైనదై అంతా తినేసి, ఇంకోటి వెనకబడటం మామూలే. వెనకబడ్డదానికి పిప్పెట్‌తో మూతి దగ్గరికే తీసుకెళ్లి పెట్టండి.

కొన్ని రోజులు ఊరెళ్లాల్సి వస్తే ఆటోమేటిక్ ఫీడర్ పనికిరాదు, ఎందుకంటే ఎండు మేతను ఇవి ముట్టవు. మీరు లేనప్పుడు పెట్టే మనిషికి ముందే రెండు మూడు పూటలు మీ ఎదుటే చేయించి, పూటకొక చిన్న డబ్బా చొప్పున కొలిచి ఫ్రీజర్‌లో పెట్టి వెళ్లండి. ఎక్కువ వేస్తే ప్రేమ కాదని గట్టిగా చెప్పండి.

11. తోడుగా ఎవరిని పెట్టవచ్చు

నన్నడిగితే ఎవరినీ పెట్టొద్దనే అంటాను, నత్తలు తప్ప. నస్సేరియస్ నత్తలు ఇసుకలో దాగి ఉండి మేత వాసన రాగానే బయటికొచ్చి మిగిలింది తినేస్తాయి. ట్రోకస్ నత్తలు గాజు మీది నాచు గీకుతాయి. ఇంకా ఏమైనా కావాలంటే చిన్న గోబీలు, ఫైర్‌ఫిష్ లాంటి నెమ్మదైనవి ఒకటో రెండో పెట్టవచ్చు.

క్లౌన్ ఫిష్, డామ్సెల్, టాంగ్, ట్రిగ్గర్, పఫర్ మాత్రం వద్దే వద్దు. సీహార్స్ మేత వైపు గురి పెట్టేలోపు అవి మొత్తం ఊడ్చేస్తాయి, కొన్ని తోకను, కళ్లను కొరుకుతాయి. అనిమోన్, కుట్టే పగడాలు, పెద్ద పీతలు కూడా పనికిరావు. పైప్‌ఫిష్ దగ్గరి చుట్టమే అయినా కలిపి ఉంచితే జబ్బులు అంటుకుంటాయి.

12. రోజూ, వారంవారం

రోజూ ఉదయం ఉష్ణోగ్రత చూడటం, తలలు లెక్కపెట్టడం, అడుగున మురికి లాగడం, మట్టం నింపడం. వారానికోసారి 15 నుంచి 20 శాతం నీళ్లు మార్చాలి. కొత్త నీళ్లను ఆర్‌ఓ నీటిలో ఉప్పు కలిపి ఒక రోజంతా పంపుతో తిప్పి, ట్యాంకు ఉష్ణోగ్రతకు తెచ్చి పోయండి. స్పాంజిలను ట్యాంకు నుంచి తీసిన నీళ్లలోనే పిండండి, కుళాయి నీళ్లలో పిండితే మంచి బ్యాక్టీరియా కూడా పోతుంది. రాళ్ల వెనక, మొక్కల మొదట్లో పేరుకున్న మడ్డిని పిప్పెట్‌తో ఊది లేపి, వెంటనే లాగేయడం మర్చిపోవద్దు.

13. జబ్బును ముందే పసిగట్టండి

సీహార్స్‌కు పొలుసులు ఉండవు, ఎముక పలకల మీద పలచని చర్మమే ఉంటుంది. అందుకే చిన్న గాయం కూడా త్వరగా ముదురుతుంది. తిండి మానడం అన్నిటికంటే ముందు కనిపించే సూచన. ఒక పూట తినకపోతే గమనించండి, రెండో రోజు కూడా తినకపోతే నీళ్లు పరీక్షించి, విడిగా తీసి ఉంచండి.

గాలి బుడగల జబ్బు వీటికి ప్రత్యేకంగా వచ్చేది. చర్మం కింద, ముఖ్యంగా తోక మీద, బుడగలు లేస్తాయి. మగవాటికైతే సంచిలో గాలి చేరి, తోక పైకి లేచి, ఎంత ప్రయత్నించినా కిందికి దిగలేకపోతుంది. దీనికి ఎసిటజోలమైడ్ అనే మందు పనిచేస్తుంది, చేపల వైద్యం తెలిసిన వెటర్నరీ డాక్టర్ చెప్పిన మోతాదులోనే వాడాలి. తోక, మూతి తెల్లబడి చర్మం ఊడుతుంటే బ్యాక్టీరియా పని. యాంటీబయాటిక్ పడాలి, దాంతో పాటు నీటి ఉష్ణోగ్రతను నెమ్మదిగా 20 డిగ్రీల దాకా దించితే బ్యాక్టీరియా జోరు తగ్గి మందుకు సమయం దొరుకుతుంది. మందులు ఎప్పుడూ వైద్యం ట్యాంకులోనే వేయండి. అసలు ట్యాంకులో వేస్తే ఫిల్టర్ బ్యాక్టీరియా చచ్చి ఇంకో సమస్య మొదలవుతుంది.

14. మగది కడుపుతో ఉంటే

జత కుదిరితే రోజూ ఉదయం అవి పలకరించుకోవడం చూస్తారు. రంగు తేటబడి, తోకలు పెనవేసుకుని, ఒకే కొమ్మ చుట్టూ తిరుగుతాయి. ఆడది గుడ్లు సంచిలో పెట్టాక మోసేది మగదే. నీటి వేడిని బట్టి రెండు నుంచి నాలుగు వారాలకు, తరచూ తెల్లవారుజామున, సంచి కుదుపుతూ పిల్లలను వదులుతుంది. ఒక్క ఈతలో వందల్లో, రీడికైతే వెయ్యి దాటి కూడా ఉండవచ్చు. పుట్టిన క్షణం నుంచి తల్లిదండ్రుల పోషణ ఏమీ ఉండదు, ప్రతి పిల్లా తన తిండి తనే వెతుక్కోవాలి.

పెంచాలనుకుంటే ఏర్పాట్లు ముందే ఉండాలి. పిల్లలను పెద్ద ట్యాంకులో వదిలేస్తే ఫిల్టర్ పాలవుతాయి. పెద్ద గ్లాసుతో నీళ్లతో సహా ముంచి, గాలికి తగలకుండా వేరే ట్యాంకులోకి మార్చండి. ఎరెక్టస్ పిల్లలు కాస్త పెద్దగా పుట్టి త్వరగా తోక చుట్టడం నేర్చుకుంటాయి, పొదిగిన ఆర్టీమియాను మొదటి రోజు నుంచే తినగలవు. రీడి, ‘కూడా’ జాతుల పిల్లలు చాలా చిన్నవి, వారాల తరబడి నీటి పైభాగంలో తేలుతూ ఉంటాయి. వాటికి మొదట్లో రోటిఫర్లు, కోపెపాడ్ పిల్లలు అనే అతి చిన్న నీటి జీవులు కావాలి. నీళ్లు గుండ్రంగా మెల్లగా తిరిగే క్రైసెల్ ట్యాంకు కూడా కావాలి. లేదంటే వెలుగు కోసం పైకి చేరి, గాలి మింగి, తేలిపోతూ చనిపోతాయి.

ఆర్టీమియా గుడ్లను పెంకు తీసినవే వాడండి. పెంకులు పిల్లల పేగులో అడ్డుపడతాయి, హైడ్రాయిడ్లను కూడా మోసుకొస్తాయి. ఉప్పునీటిలో గాలి కొడుతూ ఉంచితే 24 నుంచి 36 గంటల్లో పొదుగుతాయి. అప్పుడే పొదిగిన ఆర్టీమియాకు నోరు తెరుచుకోదు, ఒంట్లో ఉన్న పచ్చసొనే దాని బలం. మరో పన్నెండు గంటలకు కుబుసం విడిచాక ఎన్‌రిచ్‌మెంట్ తినగలుగుతుంది, అప్పుడు దానికి మేపి పిల్లలకు పెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టాలి, అడుగు రోజుకు రెండుసార్లు శుభ్రం చేయాలి. కాబట్టి రెండు మూడు పొదుగు సీసాలను పన్నెండు గంటల తేడాతో నడుపుతూ ఉండండి, ఒక సీసా పొదగకపోయినా ఇంకోటి ఆదుకుంటుంది.

నెల దాటి, కొమ్మకు తోక చుట్టుకుని స్థిరంగా తింటున్న పిల్లలకు సన్నగా తరిగిన ఫ్రోజెన్ మైసిస్‌ను బతికున్న ఆర్టీమియాతో కలిపి పరిచయం చేయండి. ఉదయం ఆకలి మీదున్నప్పుడు మైసిస్ ముందు పెట్టి, కాసేపయ్యాక ఆర్టీమియా వదలండి. మైసిస్‌ను పట్టుకుంటున్న పిల్లలను వేరే ట్యాంకులోకి మార్చుకుంటూ పోతే, మిగిలినవాటిలో ఏవి ఇంకా నేర్చుకోవాలో తేలిగ్గా తెలుస్తుంది.